ఒక్కొక్క కన్నును వేరుగా పరీక్షించుకోండి



పాల నాణ్యత, పశువుల దాణా, లెక్కల పుస్తకాలు మన పాఠాలలో తరచుగా వచ్చే విషయాలు. ఈసారి పాలు పిండే మనిషి కళ్ళను గురించి చెప్పుకుందాం. బర్రెకు జబ్బు చేస్తే ఆ పూటే పశువైద్యుణ్ణి పిలిపిస్తాము. మన కంటిచూపు తగ్గితే మాత్రం వయసు మీద పడ్డదని ఏండ్ల తరబడి ఊరుకుంటాము. బీర్కూర్, బాన్సువాడ పరిసరాలలోని సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాల చీటీని చేయి బారచాచి పట్టుకొని చదివేవారిని, చదవలేక పక్కవారి చేతికి ఇచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాము. పోసిన పాలెన్ని, వెన్న శాతం ఎంత, జమ అయిన పైకం ఎంత అన్నది తన కళ్ళతో చూసుకోలేని సభ్యుడు తన హక్కును తాను కాపాడుకోవడం కష్టం.

పోయిన చూపంతా తిరిగి రానిదని భయపడనక్కర లేదు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వారు 1996-2000 సంవత్సరాల మధ్య హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మందిని పరీక్షించారు. చూపు లేనివారిలో నూటికి సుమారు 60 మందికి కారణం రెండే: శుక్లాలు, సరైన అద్దాలు లేకపోవడం. ఒకదానికి శస్త్రచికిత్స ఉన్నది, రెండవదానికి కళ్ళజోడు ఉన్నది. అయితే, ఒకసారి పోతే తిరిగిరాని చూపు కూడా ఉన్నది. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది తెలుసుకోవడమే ఈ పాఠం.

కలిపిన పాలకు పరీక్ష చాలదు

పదిమంది పాలను ఒకే క్యానులో పోసి, ఆ తరువాత నమూనా తీస్తే ఏమవుతుంది? ఒకరి నీళ్ళపాలు మిగతా తొమ్మిదిమంది చిక్కటి పాలలో కలిసిపోతాయి. లోపం ఎవరిదో తేలదు. అందుకే ఏ సభ్యుని పాలకు ఆ సభ్యుని నమూనాను వేరుగా తీస్తాము.

కళ్ళ సంగతి కూడా ఇంతే. రెండు కళ్ళూ తెరిచి చూసేటప్పుడు మంచి కన్ను చెడ్డకన్ను లోపాన్ని కప్పిపుచ్చుతుంది. ఒక కంటికి చూపు చాలావరకు పోయినా మనిషి పొలం పనులు, పాలపనులు చేసుకుంటూనే ఉంటాడు. ఏదో ఒకనాడు మంచి కంట్లో నలుసు పడి దాన్ని మూసుకొన్నప్పుడు గాని రెండవది కనిపించడం లేదని తెలియదు. అప్పటికి జబ్బు ముదిరి ఉంటుంది.

కనుక నెలకొకసారి, పాల బిల్లు తీసుకొనే రోజున, ఈ చిన్న పరీక్ష చేసుకోండి. కళ్ళజోడు ఉన్నవారు పెట్టుకొనే చేసుకోవాలి.

1. అరచేతిని దొప్పలాగా చేసి ఎడమ కన్నును మూయాలి. కంటిని నొక్కరాదు. కుడి కంటితో పాల చీటీ మీది అంకెలు చదవాలి. తరువాత కుడి కన్ను మూసి ఎడమ కంటితో చదవాలి.

2. ఇదే విధంగా వీధికి అవతల ఉన్న గోడమీది రాతను గాని, దూరంగా వచ్చే మనిషి ముఖాన్ని గాని ఒక్కొక్క కంటితో చూడాలి.

3. తలుపు చట్రాన్ని గాని, కరెంటు స్తంభాన్ని గాని ఒక్కొక్క కంటితో చూడాలి. నిటారుగా ఉన్న గీత వంకరగా కనిపించినా, నడుమ మచ్చలాగా మూసుకుపోయినా కంటి లోపలి పొరలో లోపం ఉండవచ్చు.

ఒక కంటికీ మరొక కంటికీ తేడా కనిపిస్తే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. తేడా లేదంటే జబ్బు లేదని మాత్రం కాదు. లాక్టోమీటరు ఒక్కటి పాల గుణమంతా చెప్పలేదు గదా. ఈ పరీక్షకు దొరకని జబ్బులు కూడా ఉన్నవి.

నెమ్మదిగా వచ్చే జబ్బులు

చత్వారం: నలభై ఏండ్ల ప్రాంతంలో దగ్గరి అక్షరాలు మసకబారడం అందరికీ వచ్చేదే. ఇది జబ్బు కాదు. పరీక్ష చేయించుకొని అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. అంగట్లో దొరికిన జోడును, పక్కింటివారి జోడును పెట్టుకుంటే అక్షరం కనిపించవచ్చు గాని, లోపల జబ్బు ఉంటే అది తెలియకుండా పోతుంది.

శుక్లం: మన వైపు మోతిబిందు అంటారు. కంటిలోని కటకం మసకబారడం వల్ల వస్తుంది. నొప్పి ఉండదు. ఎదురుగా వచ్చే బండి దీపాలు కళ్ళల్లో కొట్టినట్లుంటాయి, రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి. దీనిని కరిగించే చుక్కల మందు ఏదీ లేదు. మసక కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమర్చడమే చికిత్స. శుక్లం పండేవరకు ఆగాలి, ఎండాకాలంలో చేయించరాదు అన్నవి పాతకాలపు మాటలు. నేటి పద్ధతులలో ఆ నియమం లేదు. మరీ ముదరనిస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పి, చూపునష్టం కలుగవచ్చు.

నీటికాసులు: దీనినే గ్లాకోమా అంటారు. ఎక్కువమందిలో కంటి లోపలి ఒత్తిడి వల్ల చూపునరం దెబ్బతింటుంది. మొదట పక్కచూపు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. కనుక పైన చెప్పిన చీటీ పరీక్షలో ఇది దొరకదు. ఇందులో పోయిన చూపు తిరిగిరాదు. ఉన్న చూపును మందులతో, అవసరమైతే శస్త్రచికిత్సతో నిలుపుకోవచ్చు. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ జబ్బు ఉన్నవారు, నలభై దాటినవారు కంటి ఒత్తిడిని, నరాన్ని పరీక్ష చేయించుకోవాలి.

మధుమేహం: చక్కెర జబ్బు కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. మొదట ఏ బాధా తెలియదు. మధుమేహం ఉన్నవారు చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారి కంట్లో మందు వేయించుకొని వెనుక పొరను పరీక్ష చేయించుకోవాలి. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక బండి నడపరాదు, తోడుగా ఒకరిని తీసుకొని వెళ్ళాలి.

ఆలస్యం చేయరాని గుర్తులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. పాలు పోయడానికి ఇంట్లో మరొకరిని పంపవచ్చు.

1. ఒక కంట్లో గాని, రెండింటిలో గాని చూపు హఠాత్తుగా తగ్గడం.
2. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోవడం.
3. నల్లగుడ్డు మీద తెల్లని చుక్క లేదా పొర కనిపించడం.
4. కంటిముందు మెరుపులు, ఒక్కసారిగా చాలా నల్లచుక్కలు, పక్కనుంచి తెర దించినట్లు నీడ.
5. కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు.
6. కంటికి దెబ్బ తగలడం, రసాయనం పడడం.

కండ్లకలకలో కూడా కన్ను ఎర్రబడుతుంది. పుసి కడుతుంది, ఇసుక పడ్డట్లు గరగర ఉంటుంది గాని చూపు సాధారణంగా తగ్గదు. కన్ను ఎర్రబడి చూపు కూడా తగ్గితే దానిని కండ్లకలక అనుకొని ఊరుకోరాదు.

వడ్లగింజ, గడ్డిపరక, బర్రె తోక

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో, మంజీర నీటితో మన ప్రాంతంలో వరి విస్తారంగా పండుతున్నది. కోతల కాలంలో కంటికి తగిలే చిన్న దెబ్బలు చాలా ఉంటాయి. వడ్లగింజ కొస, ఎండుగడ్డి పరక, గడ్డి కోసే యంత్రం నుంచి ఎగిరిన ముక్క, పాలు పిండుతుంటే బర్రె విసిరిన తోక, ఇవన్నీ నల్లగుడ్డును గీరగలవు. గీత కంటికి కనిపించనంత సన్నగా ఉండవచ్చు. గడ్డి మీది, మట్టిలోని బూజు ఆ గీతలో చేరితే కొద్ది రోజుల్లోనే పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. కంట్లో పువ్వు వేసిందని మనం అనేది ఎక్కువగా దీనినే.

మంజీర ఒడ్డు గ్రామాల సభ్యుడు ఒకరికి యాసంగి కోతల్లో వడ్లగింజ తగిలింది. మొదటి రోజు నీళ్ళు కారినవి. రెండవ రోజు ఎవరో చెప్పగా ఆకుపసరు పిండించుకొన్నాడు. ఎరుపు తగ్గకపోతే మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకొన్నాడు. నొప్పి కొంత ఉపశమించింది, ధాన్యం అమ్మేదాకా ఆగుదామనుకొన్నాడు. పదవ రోజున ఆసుపత్రికి చేరేసరికి నల్లగుడ్డు మీద పుండు పెద్దదైంది. వైద్యులు కన్ను నిలిపారు గాని చూపు నిలువలేదు. నేడు ఆ ఇంట పాలు పిండేది, లెక్క చూసేది ఆయన భార్య.

ఇటువంటప్పుడు చేయవలసినవి: కన్ను నులమరాదు. శుభ్రమైన నీటితో కడగాలి. నలుసు గుచ్చుకొని ఉంటే గుడ్డకొసతో, నాలుకతో, సూదితో తీయించరాదు. పసరు, ఆముదం, చనుబాలు కంట్లో వేయరాదు. వైద్యుడు రాయని చుక్కలు వాడరాదు. కొన్ని చుక్కల మందులలో స్టిరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును తగ్గించి మనకు నయమైనట్లు చూపిస్తుంది, లోపల బూజును పెంచుతుంది. ఎక్కువకాలం వాడితే నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు.

కోతలప్పుడు, గడ్డి కోసేటప్పుడు సాదా అద్దాల జోడు పెట్టుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. పాలు పిండే ముందు బర్రె తోకను కాలికి కట్టుకోవడం మన పెద్దల పాత అలవాటే.

సంఘం గదిలో జాగ్రత్తలు

చాలాచోట్ల ఇప్పుడు విద్యుత్ యంత్రాలతో వెన్న శాతం చూస్తున్నారు. గెర్బర్ పద్ధతి వాడే చోట్ల టెస్టర్ ప్రతి నమూనాకు 10 మి.లీ. గాఢ గంధకామ్లం వాడవలసి ఉంటుంది. పాలు, ఆమ్లం కలిసి బ్యుటిరోమీటరు వేడెక్కుతుంది, బిరడా ఊడితే లోపలిది చిమ్ముతుంది. గుడ్డ చుట్టి, మూతిని ముఖానికి ఎదురుగా కాకుండా పట్టుకొని ఊపాలి. కళ్ళజోడు తప్పనిసరి. అది సంఘం ఖర్చుతో కొనవలసిన వస్తువు.

పాత్రలు కడిగే కాస్టిక్ సోడా, ఇంట్లోని తడి సున్నం ఆమ్లం కన్నా ప్రమాదకరం. అవి కంటి లోపలికి ఇంకుతూ పోతాయి. పిల్లలు సున్నం డబ్బీతో ఆడుకోకుండా చూడాలి.

రసాయనం ఏదైనా సరే, కంట్లో పడిన క్షణం నుంచి రెప్పలు తెరిచిపట్టి, శుభ్రమైన నీటిధార కింద కనీసం అరగంట కడగాలి. ముందు కడగడం, తరువాత ఆసుపత్రి. ఆమ్లానికి విరుగుడని సోడా పోయరాదు, పాలు పోయరాదు. పరీక్ష గదిలో నీటి కుళాయి గాని, మూతపెట్టిన మంచినీళ్ళ బకెట్టు గాని ఎప్పుడూ ఉండాలి. తనిఖీలో మేము దీనిని కూడా చూస్తాము.

పిల్లల కళ్ళు, ఇంట్లో ఉంచుకోవలసిన పాలు

పొద్దుగూకగానే బిడ్డ తడుముకుంటున్నా, తెల్లగుడ్డు మీద నురగలాంటి పొడి మచ్చ కనిపించినా అది విటమిన్ ఏ లోపానికి గుర్తు. రేచీకటితో మొదలై, పట్టించుకోకపోతే నల్లగుడ్డు కరిగిపోయేదాకా వస్తుంది. హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు విటమిన్ ఏ ద్రావణం ఇవ్వడం మొదలైంది. తొమ్మిదవ నెలలో 1 లక్ష యూనిట్లు, తరువాత ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు, ఐదేండ్లు వచ్చేవరకు ఆరోగ్య కార్యకర్తలే ఇస్తారు. మోతాదు తప్పించరాదు, సొంతంగా ఎక్కువ ఇవ్వరాదు.

ఈ విటమిన్ పాల వెన్నలో ఉంటుంది. వెన్న తీస్తే దానితో పాటే పోతుంది. ఆవు నెయ్యి పచ్చగా, బర్రె నెయ్యి తెల్లగా ఉన్నా రెండింటిలోనూ ఇది ఉన్నది. వెన్న శాతానికి ధర వస్తుందని చిక్కటి పాలన్నీ క్యానులో పోసి, పిల్లలకు నీళ్ళమజ్జిగ మిగల్చడం లాభం కాదు. సంఘానికి ఒక గ్లాసు తక్కువ వచ్చినా ఫరవాలేదు, ముందు ఇంట్లో పిల్లలకు ఉంచండి. తోటకూర, మునగాకు, గుమ్మడి, బొప్పాయి, మామిడి, గుడ్డు కూడా పెట్టండి.

బడిపిల్లలు పుస్తకాన్ని ముఖం దగ్గర పెట్టుకుంటున్నా, నల్లబల్ల కనిపించక పక్కవారి పుస్తకంలో చూసి రాస్తున్నా అద్దాలు అవసరం కావచ్చు. మెల్లకన్ను అదృష్టమని వదలరాదు. ఏడెనిమిది ఏండ్లలోపు చికిత్స చేయిస్తే ఫలితం ఎక్కువ. పసిబిడ్డ కంటిపాప తెల్లగా, పిల్లికన్నులాగా మెరిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అది ప్రాణానికే ప్రమాదమైన కణితి కావచ్చు.

ఎక్కడికి వెళ్ళాలి

కంటి వెలుగు శిబిరాలు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో, రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమై ఊరూరా జరిగినవి. అప్పుడు ఇచ్చిన అద్దాలు ఆనాటి చూపుకు సరిపోయినవి. వాటితో ఇప్పుడు మసకగా ఉంటే మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉన్నవి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తున్నది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రులలో శుక్లం శస్త్రచికిత్స ఉచితం.

పాలకవర్గాలకు మా మనవి ఒకటి. సభ్యుల సమావేశంలో పది నిమిషాలు కేటాయించి ఈ ఒంటికంటి పరీక్షను అందరిచేతా చేయించండి. తేడా ఉన్నవారి పేర్లు రాసుకొని, పరీక్షకు వెళ్ళారో లేదో వచ్చే సమావేశంలో అడగండి. ఇంటి ముసలివాళ్ళను, ఆడవాళ్ళను విడువకండి. వారు తమ బాధ తామై చెప్పరు.

సమావేశంలో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. రెండు కళ్ళూ తెరిచి చూసుకొంటే ఒక కంటి లోపం ఎందుకు తెలియదు?
2. చూపు బాగున్నా ఏ ఇద్దరు పరీక్ష చేయించుకోక తప్పదు?
3. వడ్లగింజ తగిలిన కంట్లో మందుల దుకాణం చుక్కలు ఎందుకు వేయరాదు?
4. మన సంఘం పరీక్ష గదిలో కళ్ళజోడు, నీటి వసతి ఉన్నవా? లేకుంటే ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తారు?
5. మీ ఇంట్లో పిల్లలకు రోజూ ఎన్ని పాలు ఉంచుతున్నారు?