కార్డు లెక్కలు - పల్లె ఖర్చులు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. ప్రజల కొనుగోళ్లు తగ్గినవో పెరిగినవో తెలియుటకు నిపుణులును అట్లే ఒక మెతుకు పట్టి చూచుచున్నారు. అంగళ్లలో కార్డు ద్వారా చెల్లించిన సొమ్ము లెక్కయే ఆ మెతుకు.

2020 మార్చి 25 నుండి కరోనా కారణముగా దేశమంతటను రాకపోకలు నిలిచినవి. ఇంటింటికి పోయి ఖర్చులు విచారించుటకు వీలు లేకపోయెను. ఏప్రిలు-జూన్ నెలలలో ప్రజల వినియోగ వ్యయము అంతకు ముందటి సంవత్సరముకంటె 26.7 శాతము తగ్గెనను తొలి అంచనా ఆగష్టు 31న గాని వెలువడలేదు. బ్యాంకులలోనన్ననో కార్డు చెల్లింపు ఏ నాటిది ఆ నాడే నమోదగును. రిజర్వు బ్యాంకు నెలనెలా ఆ మొత్తములను ప్రకటించును. సత్వరము తెలియుటయే దీని మేలు.

ఐనను ఇందొక చిక్కు కలదు. ఒక అంగడిలో పూర్వము కార్డుపై 100 రూపాయలు, నగదుగా 900 రూపాయలు వచ్చెడివనుకొందము. తరువాత కార్డుపై 150, నగదుగా 450 వచ్చినవి. కార్డు లెక్క సగము పెరిగినది. అసలు అమ్మకము 1000 నుండి 600కు పడిపోయినది! ఫోను చెల్లింపులలోను ఇట్టిదే కనబడినది. యు.పి.ఐ. చెల్లింపులు 2020 మార్చిలో సుమారు 125 కోట్లు, ఏప్రిలులో 100 కోట్లు, జూన్‌లో 134 కోట్లు. వీనిలో మనుష్యులు ఒకరికొకరు పంపుకొనిన సొమ్మును చేరియున్నది. కనుక చెల్లింపులు పెరిగినంత మాత్రమున కొనుగోళ్లు పెరిగినవనరాదు.

ఇది మనకేల? ఆత్మకూరు బజారులోని పెద్ద అంగడి కార్డు లెక్కకు ఎక్కును. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కి నగదుకు అమ్ముకొను పనివాని యిల్లు ఆ లెక్కకు ఎక్కదు. అతడు ఒక పూట పస్తున్నను గీత క్రిందికి వంగదు. ఆ గీతను మాత్రమే చూచి సహాయము పంచినచో, మిక్కిలి అవసరమున్నవారే వెనుకబడుదురు.

కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామపు లెక్కను తామే సిద్ధపరచుకొనవలెను. చౌకధరల దుకాణములో బియ్యము తీసికొనిన కుటుంబములెన్ని? ఉపాధి హామీ పని కోరినవారెందరు? కిరాణా కొట్లలో అరువు పెరిగినదా? వీనిని గత సంవత్సరము అదే నెలతో పోల్చి, ఎవరి పేరును బయటపెట్టక, మొత్తములను గ్రామసభ ముందుంచవలెను. కార్డు లెక్క పట్టణమును చూపును. పల్లెను చూపవలసినవారు మీరే.