మిర్చి ఘాటేనా ఆ దగ్గు?

ప్రశ్న: రుమటాయిడ్ కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్రలు వికారం పుట్టిస్తున్నాయని ఇంజెక్షన్‌కు మార్చారు. మర్నాడంతా ఒకటే నీరసం. మిరప కోతలకు ఎలా వెళ్లను?
– ఒక పాఠకురాలు, ప్రత్తిపాడు

జవాబు: అమ్మా, ఇంజెక్షన్‌తో చాలామందికి వికారం తగ్గుతుంది. నీరసం మాత్రం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. కోత లేని రోజుకు ముందు రాత్రి వేయించుకోవచ్చేమో డాక్టరును అడగండి. వారానికి ఒక్కసారే సుమా! మిగిలిన పాత మాత్రలు కలిపి మింగొద్దు. ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు మానకండి. కల్లంలో పొడిదగ్గు వస్తే అందరూ మిర్చి ఘాటంటారు. మీరలా సరిపెట్టుకోవద్దు, ఈ మందు అరుదుగా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దగ్గు, ఆయాసం, జ్వరం, నోటిపూతల్లో ఏది వచ్చినా తర్వాతి డోసు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించుకోండి.