భూగర్భ సంపద – దేశ సౌభాగ్యము : నైజీరియా అనుభవము

‘కూర్చుని తిన్న కొండలైనను కరుగును’ అని మన పెద్దలు చెప్పుదురు. కుటుంబమునకు వర్తించు ఈ సామెత దేశములకును వర్తించునా అనునది ఆలోచింపదగిన విషయము. భూగర్భమున చమురో, రాగియో, వజ్రములో లభించినచో ఆ దేశపు దారిద్ర్యము తొలగిపోవునని సామాన్యముగా తలంతుము. కాని రెండవ ప్రపంచ యుద్ధానంతరము స్వాతంత్ర్యము పొందిన పెక్కు దేశముల చరిత్ర ఇందుకు భిన్నముగా నడచినది. 1993లో రిచర్డ్ ఆటీ అను భూగోళశాస్త్రవేత్త ఈ స్థితిని ‘వనరుల శాపము’ అని పేర్కొన్నారు. ఈ శాపము ఏ విధముగా తగులునో, దీనికి విమోచనము కలదో లేదో పశ్చిమాఫ్రికాలోని నైజీరియా ఉదాహరణముతో పరిశీలింతము.

1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యము పొందునాటికి నైజీరియా ప్రధానముగా వ్యవసాయ దేశము. ఉత్తర ప్రాంతమున వేరుశనగ, పశ్చిమమున కోకో, తూర్పున పామాయిలు దాని ముఖ్యమైన ఎగుమతులు. కానో నగరమున వేరుశనగ బస్తాలను పిరమిడ్ల ఆకారమున పేర్చి, రైళ్లలో రేవునకు పంపెడివారు. ఆ బస్తాల గుట్టలే ఆనాడు దేశ సౌభాగ్యమునకు చిహ్నములు.

1956లో నైజర్ నది డెల్టాలోని ఒలోయిబిరి వద్ద చమురు బయటపడినది. 1958లో ఎగుమతి ఆరంభమైనది. 1973 అక్టోబరులో జరిగిన అరబ్బు-ఇజ్రాయిల్ యుద్ధము ప్రపంచ చమురు విపణిని తలక్రిందులు చేసినది. పీపా 3 డాలర్ల ప్రాంతమున ఉన్న ధర 1974 ఆరంభమునకు 12 డాలర్ల సమీపమునకు చేరినది. అనతికాలములోనే నైజీరియా ఎగుమతి ఆదాయములో 90 శాతమునకు పైగా చమురు వలననే రాసాగినది. ఈ ఐశ్వర్యము మూడు మార్గముల ఆ దేశమును బలహీనపరచినది.

మొదటిది మారకపు విలువకు సంబంధించినది. డాలర్లు వెల్లువగా వచ్చుటచే దేశ నాణెమైన నైరా ప్రియమైనది. దీని వలన విదేశములందు అమ్మిన వేరుశనగ బస్తాకు రైతు చేతికి వచ్చు నైరాలు తగ్గినవి. దిగుమతి అగు బియ్యము, గోధుమలు మాత్రము చౌకయైనవి. అదే సమయమున పట్టణములందు కూలి పెరుగుటచే పల్లెలలోని యువకులు పొలములు విడిచి వెళ్ళినారు. 1972-73లోని అనావృష్టియు, 1975లోని తెగులును వేరుశనగను దెబ్బతీసిన మాట వాస్తవమే. కాని తెగులు తగ్గిన పిదపను ఎగుమతి వ్యాపారము కోలుకొనలేదు. కానో పిరమిడ్లు అదృశ్యమైనవి. పంటకు తెగులు వచ్చినచో తరువాతి ఏడు మరల విత్తవచ్చును. గిట్టుబాటు కాని పంటను ఎవడు విత్తును? ధనిక దేశమైన నెదర్లాండ్స్‌కును ఇట్టి బాధ తప్పలేదు. అచట 1959లో సహజవాయువు లభించిన పిదప ఇతర పరిశ్రమలు దెబ్బతినగా, 1977లో ‘ఎకనమిస్ట్’ పత్రిక దీనికి ‘డచ్ జబ్బు’ అని పేరు పెట్టినది.

రెండవది వ్యయమునకు సంబంధించినది. 1974నాటి ఉడోజీ సంఘపు సిఫారసులను అనుసరించి ప్రభుత్వోద్యోగుల జీతములు ఒక్కసారిగా పెరిగినవి. వెంటనే ధరలును పెరిగినవి. 1975 నాటికి సుమారు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు ఇచ్చియుండిరి. లాగోస్ రేవు అంత సరకును దింపుకొనజాలక, వందలాది ఓడలు సముద్రముమీదనే నిలిచిపోయినవి. అట్లు నిలిచిన ఓడలకు ప్రభుత్వము ఆలస్యపు రుసుమును సైతము చెల్లించవలసి వచ్చినది.

మూడవది పరిపాలనకు సంబంధించినది. పన్ను చెల్లించు ప్రజ తన సొమ్ము ఏమైనదని ప్రశ్నించును. ఖజానా చమురుతోనే నిండునపుడు పాలకులకు ప్రజల పన్నుతో పని తగ్గును. లెక్క చెప్పవలసిన అవసరమును తగ్గును. చమురు దొరకిన డెల్టా ప్రాంతమున నీరు, నేల కలుషితమై చేపల వేటయు వ్యవసాయమును దెబ్బతినగా, ఆదాయము మాత్రము కేంద్రమునకు చేరినది.

1986లో చమురు ధర పీపా 10 డాలర్ల సమీపమునకు పడిపోయినది. 1985లో డాలరుకు ఒక నైరా కంటె తక్కువే ఇచ్చెడివారు. 1987 నాటికి సుమారు 4 నైరాలు ఇవ్వవలసి వచ్చినది. చమురు ఆదాయము క్షీణించినది. వ్యవసాయమా, అంతకుముందే చితికిపోయినది. నేటికిని ఆ దేశపు ఎగుమతులలో అధికభాగము చమురు, సహజవాయువులదే.

అయినచో చమురే శాపమా? కాదు. ఆ కాలముననే చమురును ఎగుమతి చేసిన ఇండోనీషియాను చూడుడు. సైనికాధికారుల పెత్తనము, అవినీతి రెండు దేశములందును ఉన్నవి. కాని ఇండోనీషియా తన ఆదాయములో కొంత ఎరువుల కర్మాగారములకు, నీటిపారుదలకు వినియోగించినది. 1973-74 నుండి 1978-79 వరకు 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు నిర్మించినది. రైతు ఉత్పత్తులు, చిన్న పరిశ్రమల ఎగుమతులు దెబ్బతినకుండుటకై 1978 నవంబరులో తన రూపియా విలువను తానే తగ్గించుకొన్నది. పూర్వము బియ్యమును విరివిగా దిగుమతి చేసుకొన్న ఆ దేశము 1984లో స్వయం సమృద్ధి సాధించినది. సంపద ఒకటే, వినియోగము వేరు.

పొలము అమ్మిన సొమ్మును పంట సొమ్మని భ్రమించిన గృహస్థుని గతి ఏమగునో మనమెరుగుదుము. చమురు అమ్మకము కూడ అట్టిదే. భూమిలో ఉన్న ఆస్తి ఒక్కసారియే అమ్ముడుపోవును. ఆ సొమ్ము మరల విద్యగా, నీటి కాలువగా, కర్మాగారముగా మారినపుడే అది ఆస్తిగా నిలుచును; లేనిచో ఒక తరము తిని, తరువాతి తరమునకు గోతిని మిగుల్చును.

విద్యార్థి మిత్రులారా! ఏదేని వెనుకబడిన దేశమున క్రొత్తగా గని బయటపడినదని పత్రికలలో చదివినపుడు ఎన్ని టన్నులు, ఎన్ని కోట్లు అని మాత్రమే చూడకుడు. ఆ దేశపు రైతుకు తన పంట గిట్టుబాటు అగుచున్నదా? వచ్చిన సొమ్ముతో ఏమి నిర్మింపబడుచున్నది? దానికి పాలకులు ఎవరికి లెక్క చెప్పుచున్నారు? ఈ మూడు ప్రశ్నలకు లభించు సమాధానములే ఆ గని ఆ దేశమునకు వరమో శాపమో తెలుపగలవు.