సొట్ట తీయడం నేర్చుకోబోయే మేనల్లుడికి

హిందూపురం



పదో తరగతి పాసయ్యావనీ, కార్ల డెంటింగ్ నేర్చుకుంటానంటున్నావనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. "మగ్గం వద్దన్నాడు, ఇప్పుడు సుత్తి పడతానంటాడు" అని బాధపడింది. నేను మాత్రం సంతోషించాను. ముప్పయ్యేళ్లు ఆ సుత్తి పట్టినవాణ్ణి కాబట్టి నీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

నేను చేరిన రోజుల్లో టింకరింగ్ అంటే సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగు కొట్టడమే. కారు మెరిస్తే పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. ఓసారి పెనుకొండ దగ్గర హైవే మీద లారీని వెనక నుంచి గుద్దిన కారొకటి షెడ్డుకొచ్చింది. ఇంజను పక్కన పొడుగ్గా ఉండే ఛాసీ మెంబరు వంగిపోయింది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, గొలుసేసి లాగి తిన్నగా చేశాను. రంగు పడ్డాక ఎక్కడ వంగిందో నాకే తెలియలేదు. మరుసటేడు అదే కారు మళ్లీ గుద్దుకుంది. పెద్ద దెబ్బేం కాదు. కానీ నేను కాల్చినచోటే మెంబరు మడత పడి, చక్రం లోపలికి చొచ్చుకొచ్చి, నడిపే మనిషి కాలు విరిగింది. ఆస్పత్రిలో అతన్ని చూసొచ్చాక వారం రోజులు షెడ్డు తలుపు తీయలేకపోయాను.

ఎందుకలా అయిందో చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. కారు ముందు భాగం ఓ లెక్క ప్రకారం నలిగి దెబ్బను మింగాలి. మనుషులు కూర్చునే చోట స్తంభాలు వంగకూడదు. ఆ స్తంభాలకు వాడే గట్టి ఉక్కుకు బలం ఫ్యాక్టరీలో దాన్ని కాల్చి, చల్లార్చిన పద్ధతి నుంచి వస్తుంది. మనం మళ్లీ కాల్చామంటే ఆ బలం పోతుంది. నేను కాల్చిన మెంబరుకూ అదే జరిగింది. పైకి ఏమీ కనిపించదు. అందుకే కంపెనీ మాన్యువల్‌లో ఏ ముక్కను తిన్నగా చేయొచ్చో, దేన్ని తీసేసి కొత్తది వేయాలో, ఎక్కడ కోయాలో, ఎన్ని స్పాట్ వెల్డింగులు పెట్టాలో రాసి ఉంటుంది. పైకి కనిపించని బలహీనత సంగతి అమ్మను అడుగు. పడుగులో పోగు తెగితే పైపైన ముడేసి నేసిన పట్టు ఎక్కడ పిగులుతుందో ధర్మవరం పట్టు నేసే మనిషికి చెప్పనక్కర్లేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నీకు తెలిసిందే. 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బయటికొచ్చింది. అక్కడే తయారయ్యే సైరోస్‌కు 2025లో భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 5 నక్షత్రాలొచ్చాయి. ఆ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దించి చూస్తారు. అయితే గుద్దించేది కొత్త కారునే అల్లుడూ. మనం బాగుచేసిన కారును ఎవరూ గుద్దించి చూడరు. ఇన్సూరెన్స్ సర్వేయరు బిల్లూ ఫొటోలూ చూస్తాడు, ఓనరు రంగు చూస్తాడు. లోపల అతుకు ఎలా ఉందో నీకొక్కడికే తెలుసు.

కాబట్టి నేరుగా షెడ్డులో చేరొద్దు. ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ రిపేర్ అని ఏడాది ట్రేడుంది, రంగుల పనికి ఆటో బాడీ పెయింటింగ్ అని ఇంకోటుంది. రెంటికీ పదో తరగతి చాలు. ఇవి ప్రతి ఐటీఐలోనూ ఉండవు. దొరక్కపోతే వెల్డర్ తీసుకో, అదీ ఏడాదే. తర్వాత పెద్ద వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది, స్టైపెండ్ నీ హక్కు. అక్కడ కొలతల బెంచీ మీద బాడీని మిల్లీమీటర్లలో కొలిచి లాగడం చూస్తావు. నేను కంటిచూపుతో చేసిన పని అది. సెలవుల్లో నా దగ్గరికి రా, డాలీ అనే ఇనుప దిమ్మ పెట్టి రేకు సాగకుండా సొట్ట లేపడం నేను నేర్పుతాను. అది మాత్రం పుస్తకంలో రాదు.

ఇప్పటి కొన్ని కార్లలో బంపరు వెనక రాడారుంటుంది. దాని ముందు మందంగా పుట్టీ పూస్తే దాని చూపు చెడుతుంది. బంపరు విప్పి బిగించాక కాలిబ్రేషన్ చేయించాలి. ఎయిర్‌బ్యాగు వైర్లను టెస్ట్ ల్యాంపుతో ఎప్పుడూ తాకొద్దు, బ్యాటరీ తీసి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగు. ఎలక్ట్రిక్ కార్లో నారింజ రంగు తీగ కనిపిస్తే, దానికి శిక్షణ పొందేదాకా చెయ్యి పెట్టకు.

అన్నిటికన్నా నాకు భయం రంగు గదే. టూకే పెయింటులో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. మూతికి తువ్వాలు కట్టుకుంటే అవి ఆగవు. ఒకసారి ఉబ్బసం పట్టుకుందంటే కొంచెం వాసనకే ఊపిరి ఆడదు. నాతో పాతికేళ్లు రంగు కొట్టిన మనిషి ఇప్పుడు నాలుగు మెట్లెక్కలేడు. బయటి నుంచి గొట్టంతో గాలి అందించే మాస్కు ఇవ్వని చోట స్ప్రే గన్ ముట్టుకోకు. మేస్త్రీ తిట్టినా సరే, జీతం పోయినా సరే.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఐటీఐ దరఖాస్తు నింపే ముందు ఆ ట్రేడు అక్కడ ఉందో లేదో స్వయంగా వెళ్లి కనుక్కో. అక్కడి వర్క్‌షాపులో పనిముట్లు ఎన్నున్నాయో కూడా చూసిరా. చూసొచ్చి నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ