కుమింగాకి ఎన్ని నిమిషాలు?

మొన్న ఇంటర్ బ్రాంచ్ బాస్కెట్‌బాల్ ఫైనల్‌కి ముందు రోజు రాత్రి మా కెప్టెన్ అన్న నా రూమ్‌కి వచ్చాడు. మా టీమ్‌లో ఫస్ట్ ఇయర్ కుర్రాడు ఒకడున్నాడు. మంచి స్పీడ్. చీలమండ బెణికి మూడు వారాలు ఆడలేదు, రెండు రోజుల ముందే మళ్లీ ప్రాక్టీస్‌కి వచ్చాడు. "రేపు వాణ్ణి దింపాలా వద్దా? స్కోర్ షీట్, సబ్‌స్టిట్యూషన్ ప్లాన్ అన్నీ నువ్వే కదా రాసేది, చెప్పు" అన్నాడు. నేను "వద్దన్నా" అన్నాను. అర నిమిషం కూడా ఆలోచించలేదు. ఆలోచించడం అంతా ఫైనల్ అయిపోయాక మొదలైంది.

మా బ్రాంచ్ గొడవ మీకెందుకు గానీ, ఇదే ప్రశ్న చాలా పెద్ద స్థాయిలో వచ్చిన ఒక కేసు ఉంది. 2025 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్, జొనాథన్ కుమింగా. దాన్ని విప్పి చూద్దాం.

బాస్కెట్‌బాల్ చూడని వాళ్ల కోసం కొంచెం లెక్క. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఒక టీమ్‌కి 5 మంది. అంటే కోచ్ పంచాల్సినవి మొత్తం 240 నిమిషాలు. రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచ్‌లు కాబట్టి వాటిని పది మందికి పంచినా నడుస్తుంది. ప్లేఆఫ్స్‌లో ఒక రౌండ్ అంటే ఎక్కువలో ఎక్కువ ఏడు మ్యాచ్‌లు, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి వెళ్తారు. అందుకని కోచ్‌లు తమకి బాగా నమ్మకమున్న ఏడెనిమిది మందితోనే నడిపిస్తారు. కొత్తగా ఒకడికి 10 నిమిషాలు ఇవ్వాలంటే ఇంకొకడి దగ్గర లాక్కోవాల్సిందే. గాల్లోంచి నిమిషాలు పుట్టవు.

కుమింగా పుట్టింది కాంగోలోని గోమాలో, 2002లో. 2021 డ్రాఫ్ట్‌లో వారియర్స్ ఏడో పిక్‌గా తీసుకున్నారు. ఆకాశమంత ఎగిరే రకం. 2024 డిసెంబర్ చివర్లో వరుసగా రెండు మ్యాచ్‌ల్లో 34, 34 పాయింట్లు కొట్టాడు. ఇంక ఆగడు అనుకునేలోపు, 2025 జనవరి 4న మెంఫిస్‌తో మ్యాచ్‌లో కుడి చీలమండ బెణికింది. 31 మ్యాచ్‌లు పోయాయి. మళ్లీ మార్చి 13న గానీ దిగలేదు.

చీలమండ బెణకడాన్ని మన ఇళ్లలో వేడినీళ్లతో కాపడం పెట్టి వదిలేసే విషయంగా చూస్తారు. అసలు సంగతి ఏంటంటే, పాదం లోపలికి మడత పడినప్పుడు బయటివైపు ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, గట్టిగా పడితే తెగుతాయి. ఆ లిగమెంట్లు తాళ్లలాంటివి మాత్రమే కాదు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే సెన్సర్లు కూడా వాటిలోనే ఉంటాయి. నొప్పి, వాపు తగ్గాక కూడా ఆ కబురు కాస్త ఆలస్యంగా వెళ్లొచ్చు. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణికే ప్రమాదం ఎక్కువ. ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించేది దానికోసమే. ఒంటి సంగతి ఇలా ఉంటే మనసు సంగతి ఇంకోటి. డెరిక్ రోజ్ 23 ఏళ్లప్పుడు, 2012 ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే ఎడమ మోకాలి లిగమెంట్ తెగి పడిపోయాడు. తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు, ప్లేఆఫ్స్‌లో కూడా దిగలేదు. డాక్టర్లు సరేనన్నాక కూడా ఎందుకు ఆడట్లేదని జనం తిట్టారు. తిట్టినవాళ్లది కాదు కదా మోకాలు.

కానీ కుమింగా విషయంలో ఏప్రిల్ నాటికి అడ్డం పడింది చీలమండ కాదు. ఈ కేసు నాకు నచ్చింది అక్కడే.

అతను బయట కూర్చున్న ఆ రెండు నెలల్లో టీమే మారిపోయింది. ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ వచ్చాడు. అతను దిగకముందు 25 గెలుపులు, 26 ఓటములతో ఈడుస్తున్న టీమ్, అతను దిగాక 23 గెలిచి 8 మాత్రమే ఓడింది. మనం ఊరెళ్లి వచ్చేసరికి మన మంచం ఎవరికో ఇచ్చేసి, పైగా ఇల్లంతా ఇప్పుడే బాగుంది అంటుంటే ఎలా ఉంటుంది? కుమింగా పరిస్థితి అది.

బాగుండటానికి కారణం కూడా ఉంది. వారియర్స్ ఆట మొత్తం స్టెఫెన్ కర్రీ చుట్టూ తిరుగుతుంది. (మా మెస్ కర్రీ కాదు, ఈ కర్రీ నమ్మదగ్గవాడు.) అతన్ని ఆపడానికి ఇద్దరు మీద పడతారు. అప్పుడు మిగతా నలుగురు దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేయగలిగితే అవతలివాళ్లు చెదిరిపోయి నిలబడాలి, మధ్యలో ఖాళీ దొరుకుతుంది. బట్లర్ దూరం నుంచి వేసేది తక్కువ. డ్రేమాండ్ గ్రీన్‌ని అవతలివాళ్లు కావాలనే వదిలేస్తారు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తం సగటు 36 శాతం ఉంటే కుమింగాది 30 దగ్గర ఉంది. ఈ ముగ్గురూ ఒకేసారి కోర్టులో ఉంటే బస్సు మెట్ల దగ్గర అందరూ నిలబడిపోయినట్టే, లోపలికి ఎవరూ వెళ్లలేరు. కోచ్ స్టీవ్ కెర్ వాదన దాదాపు ఇదే. అందుకని సీజన్ చివరి మ్యాచ్‌లో, ఏప్రిల్ 15న మెంఫిస్‌తో ప్లే ఇన్ మ్యాచ్‌లో, హ్యూస్టన్‌తో మొదటి మ్యాచ్‌లో కుమింగాకి ఇచ్చింది సున్నా. ప్లే ఇన్ మనకి ఉదయం ఏడున్నరకి వచ్చింది, ల్యాబ్ మానేసి చూశాను. బట్లర్ 38, కర్రీ 37 కొట్టారు, 121-116తో గెలిచారు. కెమెరా మధ్యలో ఒకసారి బెంచ్ మీదకి వెళ్లింది, కుమింగా టవల్ వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు నేను కెర్ పక్షమే. గెలిచాడు కదా, ఇంకేం కావాలి?

తర్వాత జరిగింది చూడండి. హ్యూస్టన్‌తో రెండో మ్యాచ్‌లో బట్లర్ గట్టిగా పడ్డాడు, పెద్ద దెబ్బ. మొన్నటిదాకా సున్నా నిమిషాలు ఆడినవాణ్ణి అప్పటికప్పుడు దింపారు, మ్యాచ్ పోయింది. సిరీస్ మాత్రం ఏడు మ్యాచ్‌లు లాగి గెలిచారు. రెండో రౌండ్‌లో మిన్నెసోటాతో మొదటి మ్యాచ్‌లోనే కర్రీకి తొడ కండరం పట్టేసింది. ఇక సిరీస్ అంతా లేడు. ఇప్పుడు ఖాళీ గురించి లెక్కలు వేసేవాళ్లు ఎవరూ లేరు, బంతి పట్టుకుని బుట్ట దాకా దూసుకెళ్లేవాడు కావాలి. కుమింగా తర్వాతి నాలుగు మ్యాచ్‌ల్లో 18, 30, 23, 26 పాయింట్లు కొట్టాడు. సగటు 24 పైనే. ఆ నాలుగూ వారియర్స్ ఓడిపోయారు.

అంటే ఈ కేసులో రెండు పక్షాలకీ సాక్ష్యం ఉంది. "చూశారా, ఎంత తప్పు చేశారో" అనొచ్చు. "చూశారా, అతను కొట్టినా టీమ్ గెలవలేదు" అనొచ్చు. కర్రీ లేని టీమ్ ఎలాగూ కష్టమే కాబట్టి రెండోది నాకు అంత గట్టిగా అనిపించదు.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది భాష. స్కూల్ నుంచీ ఇంగ్లిష్ మీడియం కావడంతో నా బుర్రలో ఈ ప్రశ్న ఒకే మాటతో తిరిగేది. తెలుగులో రాద్దామని కూర్చుంటే అది మూడు ముక్కలైంది. ఆడే అర్హత ఉందా? ఆడే హక్కు ఉందా? వాడితో అవసరం ఉందా? కుమింగాకి అర్హత ఉంది, 34 పాయింట్లు ఊరికే రావు. హక్కు లేదు, దెబ్బ తగిలిందని జాలిపడి ఎవరూ ప్లేఆఫ్ నిమిషాలు బాకీ పడరు. అవసరం మాత్రం ఏప్రిల్ 15న లేదు, మే 6న ఉంది. మారేది ఈ మూడోదే. అది ఎప్పుడు మారుతుందో కోచ్‌కీ తెలియదు.

మా మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఒక పాఠం ఉంది, ఎక్స్‌ప్లోరేషన్, ఎక్స్‌ప్లాయిటేషన్ అని. తెలిసిన మంచిదాన్నే వాడుకుంటూ పోవాలా, తెలియనిదాన్ని కాస్త పరీక్షించాలా? ఎగ్జామ్ రోజు పొద్దున కొత్త బండి దగ్గర టిఫిన్ తినం, అది తెలివే. కానీ ఎప్పుడూ ఒకే బండి దగ్గర తినేవాడికి ఆ బండి మూసేసిన రోజు ఏం తెలుస్తుంది? సున్నా నిమిషాలు ఇస్తే సున్నా సమాచారం వస్తుంది. ఆరు నిమిషాలు ఇస్తే కాలు ఎలా ఉంది, కొత్త టీమ్‌తో ఎలా కలుస్తున్నాడు అనేది కనీసం కనిపిస్తుంది. బట్లర్, గ్రీన్‌లలో ఒకరు బెంచ్ మీదున్నప్పుడు ఇస్తే కెర్ చెప్పిన ఇరుకు సమస్య కూడా ఉండదు. నా లెక్కలో కెర్ కుమింగాని తగ్గించడం తప్పు కాదు, సున్నాకి తేవడం తప్పు.

నేను చేసింది కూడా సున్నాయే. మా ఫైనల్‌లో నాలుగో క్వార్టర్‌లో మా గార్డులిద్దరూ ఐదేసి ఫౌల్స్‌తో బయటికొచ్చేశారు. మూడు నిమిషాలు మిగిలాయి. అంతసేపూ కూర్చుని ఒళ్లు చల్లబడ్డ ఆ ఫస్ట్ ఇయర్ కుర్రాణ్ణి దింపారు. మొదటి బంతి వాడి చేతుల్లోంచి జారిపోయింది. తర్వాత రెండు బుట్టలు వేశాడు. 3 పాయింట్లతో ఓడిపోయాం.

షూస్ విప్పుకుంటూ వాడు నా చేతిలో కాగితం చూశాడు. "అన్నా, నా పేరు నిన్న రాత్రే తీసేశావా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

వచ్చే నెల పక్క కాలేజీతో మ్యాచ్ ఉంది. కొత్త షీట్‌లో వాడి పేరు రాశాను, రెండో క్వార్టర్, 4 నిమిషాలు. కెప్టెన్ అన్న ఇంకా చూడలేదు.