ఏఐ ఇచ్చిన పద్యానికి గణవిభజన

కృత్రిమ మేధను సీబీఎస్ఈ 2019-20 విద్యా సంవత్సరంలో తొమ్మిదో తరగతికి ఐచ్ఛిక విషయంగా ప్రవేశపెట్టింది. ఆ విషయం తీసుకోని పిల్లల దగ్గరకు కూడా ఇప్పుడది ఫోన్లోనే చేరిపోయింది. వద్దంటే ఆగేది కాదు. మా తెలుగు తరగతిలో దాన్ని ఎలా వాడుతున్నామో చెబుతాం.

తెలుగు రాష్ట్రాలకు దూరంగా ఉన్న ఒక ఊరికి మాకు బదిలీ అయింది. (మా ట్రంకుపెట్టెలకు ఇది అలవాటే.) అక్కడ తెలుగు చదివే పిల్లలు కొద్దిమందే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, రాసింది చూసి తప్పు దిద్దేవాళ్లు అన్ని ఇళ్లలోనూ ఉండరు. అలాంటిచోట యంత్రం చెప్పిందే ఖాయమైపోతుంది. గోడపత్రిక కోసం వేమన పద్యం ఒకటి రాసుకురమ్మంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడు ఏఐని అడిగి తెచ్చాడు. మొదటి పాదం ఇది:

మంచి మాట పలుక మనసుకు హాయి

బాగానే ఉందని మేమూ సంతకం పెట్టబోయాం. పైకి చదివితే పాదం చివర ఏదో తక్కువైనట్టు అనిపించింది. అందరినీ పెన్సిళ్లు తీయమన్నాం.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. ‘మంచి’, ‘మాట’ గలాలు, ‘పలుక’ నగణం, మూడూ సూర్యగణాలే. ‘మనసుకు’ నలం, అంటే ఇంద్రగణం. మొదటి గణానికీ నాలుగో గణానికీ మొదటి అక్షరం ‘మ’ కనుక యతి కూడా కుదిరింది. చివరి ‘హాయి’ మాత్రం మళ్లీ గలమే. ఇంద్రగణం ఉండాల్సిన చోటది.

“‘హాయిరా’ అంటే రగణం అవుతుంది కదా సార్?” అంది వెనక బెంచీ అమ్మాయి. ఒక్క గురువుతో పాదం నిలబడింది.

“అయితే ఇప్పుడిది వేమన పద్యమేనా సార్?” అన్నాడు తెచ్చిన పిల్లవాడు.

ఛందస్సు కుదిరినంత మాత్రాన కవి ఎవరో తేలదు. సి.పి. బ్రౌన్ తాళపత్ర, కాగితపు ప్రతులు సేకరించి, వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. ఏఐ సాధారణంగా అలా ప్రతులు తిరగేసి జవాబివ్వదు. నేర్చుకున్న మాటల పోకడను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి పేరుస్తుంది. అందుకే లేని పద్యాన్నీ ఉన్నదానంత ధీమాగా ఇస్తుంది. గ్రంథాలయంలోని వేమన శతకమంతా వెతికాం. ఆ పాదం దొరకలేదు.

పిల్లవాణ్ణి మేము కోప్పడలేదు. అంతకు ముందు నెలలో మేమే ఏఐతో ఒక అభ్యాసపత్రం తయారు చేయించి, అందులో సంధి పేరు తప్పుగా ఉన్నా చూసుకోకుండా పంచాం మరి!

ఇప్పుడు ఏఐని పాదాలు అల్లమంటాం, తప్పులు మేము పడతాం. పిల్లల పేర్లు, ఫొటోలు, మార్కులు మాత్రం దానికి ఇవ్వం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

గోడపత్రికలో ఆ పాదం కింద వేమన పేరు కొట్టేసి, ‘రచన: ఏఐ, సవరణ: ఎనిమిదో తరగతి’ అని రాశాం. పక్కన ఆ పిల్లవాడే పుస్తకం చూసి రాసిన వేమన పద్యం పెట్టాం, పుట సంఖ్యతో సహా.