జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: జాజ్ నాకు కొత్త. గాత్రంలో, పియానో ట్రయోలో ముందుగా ఏ ఆల్బమ్‌లు వినాలి?

జవాబు: గాత్రానికి గాయని సారా వాన్ ‘ఎట్ మిస్టర్ కెల్లీస్’తో మొదలుపెట్టండి. 1957లో షికాగో క్లబ్బులో, శ్రోతల ముందే రికార్డయింది. పక్కన పియానో, బేస్, డ్రమ్స్, అంతే. ‘హౌ హై ద మూన్’ దగ్గర ఆవిడ మాటలు మరిచిపోతారు. అయినా ఆగరు. అప్పటికప్పుడు కొత్త మాటలు అల్లి, తాళం తప్పకుండా పాటను గట్టెక్కిస్తారు. మన కచేరీల్లో మనోధర్మం రుచి మరిగినవారికి ఆ క్షణం ప్రాణం లేచివచ్చినట్టుంటుంది.

ఆ తర్వాత పియానో ట్రయోకు పియానిస్టు బిల్ ఎవాన్స్ ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించారు. గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది. చెవి మాత్రం స్కాట్ లఫారో బేస్ మీద పెట్టండి. అది పియానో వెనక నడవదు, దానితో మాట్లాడుతుంది. ఆ రికార్డింగ్ జరిగిన 11 రోజులకే లఫారో కారు ప్రమాదంలో పోయారు, పాతికేళ్లకే. ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ సరిగా వినపడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.